ఏరు దాటిన గుడ్డ

ఇంజను బాబాయి కథ ఎప్పుడూ నిజంతోనే మొదలయ్యేది. అబద్ధం అందులోకి ఎక్కడ ఎక్కిందో ఎవరూ కనిపెట్టలేకపోయేవారు. కదిలే బస్సు వెనక మెట్టు మీదికి ఒకడు ఎక్కుతాడు, వాడి వెనక ఇంకొకడు, కాసేపటికి చూస్తే బస్సు నిండా వాళ్ళే, టిక్కెట్టు కొన్న నిజం మాత్రం ఓ మూల నిలబడి చెమటలు కక్కుతూ ఉంటుంది. అలా ఉండేది వ్యవహారం.

కథలు చెప్పే చోటు మిల్లు గేటు పక్క సందులో ఉన్న టీ కొట్టు. మిల్లు మూతపడి ఏళ్ళు గడిచాయి. పొగగొట్టం మీద పావురాలు కాపురాలు పెట్టి మనవల్ని కూడా ఎత్తుకున్నాయి. టీ కొట్టు మాత్రం నిలిచింది. అసలది పుట్టిందే మిల్లు కూత వల్ల. పొద్దున్నే కూత వినపడగానే మనుషులు లేవాలి, లేచినవాళ్ళకి టీ కావాలి. అంతకు ముందు ఆ సందులో జనం పొద్దెక్కితే లేచేవారు, మబ్బు పట్టిన రోజున ఇంకాస్త ఆలస్యంగా లేచేవారు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎక్కడో, ఎన్నో తరాల కిందట, బుర్ర ఉన్న కొందరు ఆవిరిని పట్టి ఇనప గొట్టంలో పెట్టి దాని చేత చాకిరీ చేయించడం కనిపెట్టారు. దాని పుణ్యమా అని ఈ సందులో ముసలివాళ్ళకి ఇప్పటికీ, కూత లేకపోయినా, వెళ్ళడానికి పని లేకపోయినా, ఆ వేళకి ఠంచనుగా కళ్ళు తెరుచుకుంటాయి. యంత్రం కనిపెట్టినవాడు యంత్రాన్ని మాత్రమే కనిపెట్టాననుకుంటాడు. ఒక సందు సందంతటికీ ఎప్పుడు మెలకువ రావాలో కూడా తనే నిర్ణయించానని పాపం అతనికేం తెలుసు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. మరమగ్గాల షెడ్డులో మోత అంతా ఇంతా కాదు. వందల మగ్గాలు, ఒక్కో మగ్గంలో దారం మోసే నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. పక్క మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ పనిచేసే ఆడవాళ్ళు గొంతు వాడటమే మానేశారు. నోరు పెద్దగా కదిలిస్తూ, ఒకరి పెదవులు ఒకరు చూసి మాట పట్టుకునేవారు. దానికి షెడ్డు మాట అని పేరు. ఈ చివర మగ్గం దగ్గరున్నావిడ ఆ చివరున్నావిడకి తన కోడలి మీద చాడీలన్నీ సాంగోపాంగంగా చెప్పుకునేది, మధ్యలో పచార్లు చేసే మేస్త్రీకి ఒక్క ముక్క అందేది కాదు. ఆ విద్యని ఎవరూ పనిగట్టుకుని కనిపెట్టలేదు. మగ్గం మోతలోంచి దానంతట అదే పుట్టింది.

ఇంజను బాబాయి భార్య ఆ షెడ్డులో పనిచేసిన మనిషే. సందులో అందరికీ పిన్ని. ఆమె చెవుల్ని మిల్లు తినేసింది, ఇప్పుడు పక్కన ఇత్తడి పళ్ళెం పడినా తల తిప్పదు. కళ్ళు మాత్రం గద్ద కళ్ళు. టీ కొట్టుకి సరిగ్గా ఎదురుగా, సందు అవతల మేడ మీద వాళ్ళ ఇల్లు. వెలుతురు కోసం కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతూ, కింద ఎవరేం మాట్లాడుకుంటున్నారో తాపీగా గ్రహించేసేది. అందుచేత బాబాయి టీ కొట్టులో ఎప్పుడూ ఒకే బెంచీ మీద, వీధికి వీపు పెట్టి, లోపలి గోడకి మొహం పెట్టి కూర్చునేవాడు. ఆ బెంచీ మీద వేరే ఎవరైనా ఉంటే నిలబడే టీ తాగి వెళ్ళిపోయేవాడు గానీ కథ విప్పేవాడు కాదు. అంత జాగ్రత్తపరుడు.

అంత జాగ్రత్తపరుడూ ఆ రోజు మధ్యాహ్నం ఆదమరిచాడు. కారణం మ్యూజియం ఆవిడ.

మిల్లుని కొత్తగా తీసుకున్నవాళ్ళు ఇంజను గదిని మ్యూజియంగా మారుస్తున్నారు. పాత ఆవిరి ఇంజను ఇంకా ఆ గదిలోనే ఉంది, ముసుగేసుకుని పడుకున్న ఏనుగులాగా. దాన్నేం చేయాలన్నదే ప్రశ్న. రంగు పూసి, చుట్టూ తాడు కట్టి, గోడకి రికార్డు చేసిన గొంతు ఒకటి తగిలించి వదిలేయాలని కొందరు. బాయిలరు మళ్ళీ వెలిగించి ఇంజనుని నిజంగా తిప్పాలని, పక్కన దాన్ని ఎరిగిన మనిషి నిలబడి బడిపిల్లలకి చెప్పాలని ఈవిడ. ఆ గదిలో పనిచేసినవాళ్ళలో మిగిలింది బాబాయి ఒక్కడే. ఆవిడ ఇంజనీరింగు చదువుకున్న మనిషి, నెమ్మదస్తురాలు, వచ్చీ రాగానే విషయం దాచకుండా చెప్పేసింది. పిల్లలకి చెప్పే మాట కాబట్టి నిజం ఉండాలని తన పైవాళ్ళు పట్టుబడుతున్నారట, ఆయన చెప్పేది విని, నమ్మకం కుదిరితే ఆయన పేరు చెబుతుందట, లేకపోతే రికార్డు గొంతేనట.

మిల్లు మూసిన దగ్గర్నుంచి బాబాయి ఆ ఇంజను ఊపిరి వినలేదు. నిద్రలో అప్పుడప్పుడు వినపడేది, లేచి చూస్తే ఫ్యాను. మళ్ళీ ఆ గదిలోకి నూనెడబ్బా పట్టుకుని నడవాలి, ఆ పెద్ద చక్రం బద్ధకంగా కదిలి, ఆలోచించి, సరేనని తిరగడం మొదలుపెట్టడం చూడాలి. అతనికి ఇంకో కోరిక లేదు. ఆవిడ వచ్చి అతని బెంచీ మీద కూర్చుంటే కూర్చుందనే గమనించలేదు. స్టవ్ పక్కనున్న చెక్కపెట్టె బోర్లించుకుని ఆవిడకి ఎదురుగా, అంటే తిన్నగా వీధికి మొహం పెట్టి, కూర్చున్నాడు. పక్కన గడియారాలు బాగుచేసే ఆయన అప్పటికే కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఆయనా బాబాయీ చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకునేవాళ్ళు, ఒకరి గాలి ఒకరు తీయకపోతే వాళ్ళకి టీ అరిగేది కాదు.

"నేను చేసింది పెద్ద ఘనకార్యమేమీ కాదమ్మా" అన్నాడు బాబాయి.

ఆ మాట వినగానే టీ కొట్టతను స్టవ్ మంట తగ్గించాడు. పెద్దదేమీ కాదన్నాడంటే ఎంత పెద్దదొస్తుందో అతనికి అనుభవం.

"ఇంజను నెత్తిన రెండు ఇనప గుండ్లుంటాయి, ఇంతింత లావు, ఒక నిలువు కడ్డీకి చెరో పక్క చేతులు వేలాడేసినట్టుంటాయి, మేం వాటిని కాపలా గుండ్లు అనేవాళ్ళం, ఇంజనుతో పాటు అవీ గిరగిరా తిరుగుతాయి, జోరెక్కువైందనుకో, గుండ్లు దూరంగా విచ్చుకుంటాయి, విచ్చుకుంటే ఒక మీట పైకి లేస్తుంది, మీట లేస్తే ఆవిరి దారి కాస్త మూసుకుంటుంది, జోరు తగ్గుతుంది, తగ్గిందా, గుండ్లు వాలతాయి, మీట దిగుతుంది, దారి తెరుచుకుంటుంది. మనిషి వేలు పెట్టక్కర్లేదు. తన కోపం తనే తగ్గించుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు గానీ, తన జోరు తనే తగ్గించుకునే ఇంజనుని మాత్రం రోజూ చూశాను. ఎవరికి తోచిందో ఆ ఊహ, ఆ బుర్రకి దణ్ణం పెట్టాలి."

ఆవిడ కాగితం మీద రాసుకుంటూ, సరిగ్గా చెప్పారండీ అంది. బాబాయికి ఏనుగెక్కినట్టయింది. నిజానికి అక్కడి వరకు ప్రతి ముక్కా నిజమే. బస్సు ఇంకా స్టాండులోనే ఉంది.

అతను ఆ గదిలో నూనె వేసే పనిలో కొత్తగా చేరిన రోజుల్లో ఆ గుండ్ల చేతుల దగ్గర కీచుమని ఒక చప్పుడొచ్చేదట. పెద్ద మేస్త్రీలందరూ చూసి పెదవి విరిచారట. ఇతను మాత్రం పని అయ్యాక కూర్చుని, ఆ కీలు విప్పి, తన చొక్కా చెయ్యి చింపి తుడిచి, నూనె పట్టించి బిగించాడట. మర్నాడు ఇంజను ఎంత మెత్తగా తిరిగిందంటే, దాని మీద నిండు టీ గ్లాసు పెడితే తొణకలేదట. గ్లాసు మీద గ్లాసు పెట్టినా తొణకలేదట. అలా గ్లాసులు పేర్చుకుంటూ పోయి, చివరి గ్లాసు పెట్టడానికి నిచ్చెన వేసుకున్నాడట.

"ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? ఇంజనుకి వీపు ఆనించి నిలబడి, కళ్ళు మూసుకుని గడ్డం గీసుకున్నాను, ఒక్క గాటు పడలేదు."

"గడ్డం అప్పటికి వచ్చిందా బావా నీకు?" అన్నాడు గడియారాలాయన.

"ఆ ఇంజను వేడికి ముందే వచ్చింది బావా. నీకు రాలేదంటే నువ్వు చల్లటి పని ఎంచుకున్నావు మరి."

మ్యూజియం ఆవిడ నవ్వింది. కలం మాత్రం ఆగింది. బాబాయి నవ్వు చూశాడు, కలం చూడలేదు.

అప్పుడొక రోజు మిల్లుకి పెద్ద ఆర్డరు వచ్చిందట. గుడ్డ త్వరగా కావాలి, మగ్గాలేమో ఎప్పటి జోరులోనే నడుస్తున్నాయి. ఏం చేయాలా అని మిల్లు దొర తల పట్టుకుని కూర్చున్నాడట. బాబాయి భోజనానికి వెళ్ళబోతూ, చేతిలో అన్నం డబ్బా ఎక్కడ పెట్టాలో తోచక, చేతికి అందిన కొక్కేనికి తగిలించాడట. ఆ కొక్కెం ఎక్కడుందనుకున్నారు? కాపలా గుండ్ల మీటకే.

"తగిలించానో లేదో మీట బరువెక్కి కిందికి దిగిపోయింది, గుండ్లు దాన్ని లేపాలని చూస్తాయి, లేవదు, ఆవిరి దారి బార్లా తెరుచుకుంది, ఇంజను ఒక్కసారి ఊపిరి పీల్చి అందుకుంది. అందుకోవడమంటే అట్లా ఇట్లా కాదు. నేను పరిగెత్తుకుని మగ్గాల షెడ్డు గుమ్మంలోకి వెళ్ళి చూశాను. నాడె కనపడితే ఒట్టు. గాలి ఒక్కటే కనపడుతోంది."

ఇక్కడ బాబాయి గొంతు కాస్త తగ్గింది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"షెడ్డులో ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారమ్మా. ఇంజను కుర్రాడి పని అని ఎట్లా తెలిసిపోయిందో ఏమో. నోళ్ళు ఇంతింత తెరిచి, చేతులూపుతూ ఒకటే మెచ్చుకోవడం. ఆ మోతలో మాట వినపడదు, షెడ్డు మాట నాకు రాదు. రాకపోతేనేం, మొహాలు చూస్తే తెలియదా? ఒక్కొక్కరికీ తల వంచి దణ్ణం పెట్టుకుంటూ ఆ చివరిదాకా నడిచాను."

బస్సు కదిలాక చెప్పిన కథలో, డబ్బా తగిలించడం పోతే, ఇదొక్కటే అతను కల్పించని ముక్క. మిగతావన్నీ తన నోటి నుంచే పుట్టాయని అతనికి తెలుసు. ఇది మాత్రం నిజంగా జరిగింది, కళ్ళారా చూశాడు. ఎవరూ మెచ్చుకోని రోజుల్లో ఎన్నోసార్లు దీన్ని బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. అందుకే కాబోలు, ఆ ముక్క చెప్పాక అతనికి హుషారు పట్టపగ్గాలు లేకుండా ఎక్కింది.

గుడ్డ మగ్గాల్లో పట్టలేదట. ఇంకా నేయని దారం కూడా, తనని ఎటూ నేసేస్తారని తెలిసి, ముందే గుడ్డ అయి కూర్చుందట. షెడ్డు నిండి, కిటికీల్లోంచి బయటికి పొంగిందట. సందులోకి, సందులోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి ఏటి గట్టుకి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడ్డ ఏరు దాటింది. నీళ్ళకి జానెడు ఎత్తున, తడవకుండా. అప్పటికి ఏటి మీద వంతెన లేదు, బళ్ళు రేవులో ఆగి ఉన్నాయి, బళ్ళవాళ్ళు చూశారు, ఇదేదో బాగుందని దాని మీద తోలుకుపోయారు. అవతల ఒడ్డు ఊళ్ళో దర్జీలు కత్తెరలు పట్టుకుని గుడ్డ వెంట పరిగెత్తారు, ఆగితే చొక్కా పాతబడిపోతుంది, పరిగెత్తుతూనే కత్తిరించారు, పరిగెత్తుతూనే కుట్టారు. ఆ ఊళ్ళో స్నానానికి దిగినవాడు గట్టెక్కేసరికి కొత్త చొక్కా తొడుక్కుని ఉన్నాడు, ఎవరు తొడిగారో వాడికి తెలియదు."

"కొలతలో?" అన్నాడు టీ కొట్టతను.

"మరమగ్గం గుడ్డరా అది, మనిషిని చూసి తనే సర్దుకుంటుంది."

గడియారాలాయన ముక్కు గోక్కుంటూ, ఇంత జరిగితే తన తండ్రి ఒక్కరోజు కూడా ఈ సంగతి ఎత్తలేదేమని అడిగాడు. ఆ కాలంలో ఈ సందులో గడియారాలన్నీ ఆయన చేతి మీదుగా పోయేవి కదా.

బాబాయికి అదే కావాలి. "ఎత్తడానికి ఆయనకి టైమెక్కడుంది బావా? ఆ పెద్ద చక్రం జోరుకి మిల్లు పునాదులు బిగిసి భూమినే పట్టుకు తిప్పుతుంటే, పొద్దు ఇటు పొడిచి అటు గూకింది. పనికి వస్తున్నవాళ్ళకి గేటు దగ్గర పని నుంచి తిరిగి వెళ్తున్న తామే ఎదురయ్యారు, ఒకరినొకరు పలకరించుకున్నారు కూడా. కూత దానంతట అది కూసింది, ఆ కూతకి మబ్బు నిలువునా చిరిగింది. మీ నాన్న గడియారాలు ఆ రోజుని అందుకోలేక చేతులెత్తేశాయి. అసలు ఆ రోజు ఏ క్యాలెండర్లోనూ లేదు, కావాలంటే వెతుక్కో."

"మరి ఆపారెట్లా?" అంది మ్యూజియం ఆవిడ. చాలా సేపటికి ఆవిడ నోరు విప్పడం అదే.

బాబాయి గ్లాసు కింద పెట్టాడు. మీసం తుడుచుకున్నాడు. మిల్లు దొర వచ్చి బతిమాలాడట, మేస్త్రీలు పెద్ద చక్రం దగ్గరికి పోలేకపోయారట, ఫైరింజను వచ్చింది గానీ రోజు అయిపోయిందని వెనక్కి వెళ్ళిపోయిందట.

"నాకేమో ఆకలి. డబ్బా చూస్తే మీట మీద ఉంది. నిచ్చెనెక్కి, డబ్బా తీయకుండానే, మూత విప్పి తినడం మొదలుపెట్టాను. ఒక ముద్ద తిన్నాను, డబ్బా తేలికైంది, మీట వెంట్రుకవాసి లేచింది, ఇంజను కాస్త నిదానించింది. ఇంకో ముద్ద, ఇంకాస్త. నేను నములుతున్నకొద్దీ గుడ్డ ఏటి మీంచి వెనక్కి నడిచొచ్చింది, పొద్దు తన చోటికి తను పోయింది. చివరి ముద్దకి ఇంజను ఎప్పటి జోరుకొచ్చింది. ఆ రోజు నేను ఒక్క ముద్ద మిగిల్చి ఉంటే, అమ్మాయీ, మనం ఇప్పటికీ ఆ కాస్త తొందరలోనే బతుకుతూ ఉండేవాళ్ళం."

స్టవ్ మీద పాలు చిన్నగా ఉడుకుతున్నాయి. మ్యూజియం ఆవిడ కలానికి మూత పెట్టింది. ఆ చిన్న చప్పుడు బాబాయి చెవిలో పెద్దగా పడింది. రికార్డు గొంతు, అనుకున్నాడు. తాడు, రంగు, రికార్డు గొంతు. నిజం ఉండాలన్నారని మొదట్లోనే చెప్పింది కదా. ఎక్కడ ఆగి ఉండాల్సింది? టీ గ్లాసు దగ్గర ఆగినా సరిపోయేది. అతను ఆవిడ మొహం చూడలేక తలెత్తి వీధి అవతలికి చూశాడు.

మేడ మీద కిటికీ ఖాళీగా ఉంది. చొక్కా గట్టు మీద పడి ఉంది, సూది దారానికి వేలాడుతోంది.

అప్పుడు తెలిసింది అతనికి, తను ఎటు తిరిగి కూర్చున్నాడో.

పిన్ని అప్పటికే సందు దాటుతోంది. చేతులకి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. వినపడని మనిషి కాబట్టి తన గొంతు ఎంత పెద్దదో ఆమెకి తెలియదు. హెచ్చుతగ్గులు లేకుండా, సందంతా వినపడేలా మాట్లాడుతుంది. బాబాయి గబుక్కున పెట్టె మీద వెనక్కి తిరిగి గోడకి మొహం పెట్టాడు.

"అటు తిరిగినా కనపడతారు" అంది పిన్ని. "ఆ గోడకి అద్దం ఉంది."

అందరూ గోడ వైపు చూశారు. నిజమే, టీ పొట్లాల పక్కన నిలువెత్తు అద్దం, ఎవరూ పట్టించుకోని పాతది. అందులో బాబాయి మొహం మొత్తంగా, వెనక సందు, సందు అవతల మేడ మీద కిటికీ, అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఇన్నేళ్ళూ అతను వీధికి వీపు పెట్టి, మొహాన్ని తిన్నగా ఆ అద్దానికి అప్పజెప్పి కథలు చెప్పాడు. ఇన్నేళ్ళూ ఆమె గుండీలు కుడుతూ చూసింది.

"ఒక్క మాట అడుగుదామని వచ్చాను. గుడ్డ కిటికీల్లోంచి పొంగిందన్నారు. ఆ షెడ్డుకి కిటికీలెక్కడున్నాయండీ? పైకప్పుకి గాజుపలకలు, చుట్టూ గోడలు. ఒక్క కిటికీ ఉన్నా నేను ఎప్పుడైనా బయటికి చూసి ఉండేదాన్ని కదా."

బాబాయి పెట్టె మీద ఇంకాస్త గోడ వైపు జరిగాడు.

గడియారాలాయన తొడ మీద చరుచుకుని, ఏరు దాటించాడు, పొద్దుని తిప్పాడు, గోడకి కన్నం పెట్టడం మాత్రం మర్చిపోయాడు మా బావ అన్నాడు. పిన్ని ఆయన పెదవులు చూసి తలూపింది.

"డబ్బా తగిలించింది మాత్రం నిజమేనమ్మా" అంది మ్యూజియం ఆవిడ వైపు తిరిగి. "ఏటి సంగతి నాకు తెలియదు. దారాలు తెగిన సంగతి తెలుసు. ఉన్నట్టుండి మగ్గాలు పిచ్చిపట్టినట్టు పరిగెత్తాయి, షెడ్డు మొత్తంలో ఏ మగ్గం మీదా దారం నిలవలేదు. ముడులు వేయలేక వేళ్ళు పుళ్ళు పడ్డాయి. ఏమైందా అని చూస్తే గుమ్మంలో ఈయన, ఒళ్ళంతా నూనె, మొహం నిండా నవ్వు. అందరం కలిసి తిట్టాం."

"తిట్టారా?" అన్నాడు బాబాయి. ఆ మాట అద్దంలోకి చూస్తూ అన్నాడు. ఆమె అద్దంలోంచే అందుకుంది.

"నోటికొచ్చినట్టు తిట్టాం. మీ తాతల దాకా వెళ్ళినవాళ్ళున్నారు. పక్క మగ్గం ఆవిడ మీ చేతులు పడిపోవాలంది. మీరేమో ఒక్కొక్కరికీ ఆగి, తల వంచి, దణ్ణం పెట్టుకుంటూ వెళ్ళారు. అందరికంటే ఎక్కువ తిట్టింది నేను. నాకు రెండుసార్లు పెట్టారు."

టీ కొట్టతను నవ్వు ఆపుకోలేక స్టవ్ వైపు తిరిగిపోయాడు. గడియారాలాయన నవ్వలేదు. బావ మొహం చూసి నవ్వు మింగేశాడు. బాబాయి అద్దం వదిలి భార్య వైపు తిరిగాడు.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మిగతావన్నీ అబద్ధాలని మీకే తెలుసు. అదొక్కటి నిజమని పట్టుకుని ఉన్నారు. ఎందుకులే పాడుచేయడం అనుకున్నాను. ఇవాళ అది బడిపిల్లల దాకా పోతోంది, అందుకని దిగొచ్చాను. అన్ని తిట్లు తిని అంత మర్యాదగా నవ్విన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ రోజు సాయంత్రమే మా అమ్మకి మీ సంగతి చెప్పాను."

బాబాయి పెట్టె మీంచి లేచి దాన్ని ఆమె వైపు జరిపాడు.

మ్యూజియం ఆవిడ లేచి, పిన్నికి మొహం బాగా కనపడేలా ఎదురుగా నిలబడి, మేడ మీద నుంచి ఈయన మాటలన్నీ పట్టుకున్నారా అని అడిగింది. పిన్ని ఒకటీ అరా పోయాయని, మీసం అడ్డొచ్చిందని చెప్పింది. ఆవిడ సందు వెడల్పు చూసింది, అద్దం చూసింది, పిన్నిని చూసింది. తను యంత్రం చూడటానికి వచ్చానని, యంత్రాల మోత తయారుచేసిన మనిషి మేడ మీద కూర్చుని ఉందని తెలియదని అంది. తర్వాత బాబాయి వైపు తిరిగింది.

"డబ్బా తగిలిస్తే జోరు పెరగడం నిజం. తింటున్నకొద్దీ తగ్గడం కూడా, ఆలోచిస్తే, నిజమే. గుండ్ల సంగతి ఒంటబట్టినవాడికి తప్ప ఆ అబద్ధం తోచదండీ. అది వింటూ ఉండిపోయి రాసుకోవడం మానేశాను. కానీ పిల్లల ముందు మిమ్మల్ని ఒక్కరినే వదిలితే మా పైవాళ్ళు నన్ను వదలరు."

బాబాయి తలొంచుకున్నాడు. కాపలా గుండ్లు లేని ఇంజనుని ఎవరు మాత్రం నడవనిస్తారు?

ఆవిడ అడగబోయేది పిన్నికి అడగకముందే తెలిసినట్టుంది. ఇంజను గదిలో పెద్ద చక్రానికి ఎదురుగా తనకి ఒక కుర్చీ వేయించమంది. వెలుతురు ఉంటే చాలు, గుండీల పని అక్కడికే తెచ్చుకుంటుంది. ఆయన చెబుతుంటాడు, తను చూస్తుంటుంది. జోరెక్కువైందనిపిస్తే వేలెత్తుతుంది. వేలు లేస్తే ఆయన నిదానించాలి, వేలు దిగితే మళ్ళీ అందుకోవచ్చు. ఆపడం ఉండదు. మ్యూజియం ఆవిడ కలం మూత మళ్ళీ తీసి, ఇద్దరినీ రాసుకుంది. ఇంజనుకి ఆవిరి మీద ఒకరు, జోరు మీద ఒకరు అని తన పైవాళ్ళకి చెబుతుందట, కాదంటే డబ్బా కథ తనే వాళ్ళకి వినిపిస్తుందట.

టీ కొట్టతను అడగకుండానే అందరికీ ఇంకో టీ పోశాడు. బాబాయి గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. ఇంజను మళ్ళీ ఊపిరి తీసుకుంటుంది. తను ఆ గదిలో ఉంటాడు. కావలసింది దొరికింది. అయినా మనసులో ఒక చోట వెలితిగా ఉంది. మెచ్చుకోలు పోయింది, సరే, పోనీ. ఆ గుడ్డ మీద మాత్రం మమకారం చావలేదు. ఎంత బాగా వెళ్ళింది, నీళ్ళకి జానెడు ఎత్తున, తడవకుండా. భార్య మొహంలోకి చూసి, గొంతు పెట్టకుండా, ఎన్నాళ్ళయినా సరిగ్గా పట్టుబడని షెడ్డు మాటలో, పెదవులు ఇంతింత కదిలిస్తూ అడిగాడు. గుడ్డ కనీసం బయటికి పొంగొచ్చా అని.

పిన్ని చేతికంటుకున్న దారప్పోగు ఒకటి తీసి వేలికి చుట్టుకుంది. సందు చివర మిల్లు గోడ వైపు చూసింది. పొడుగ్గా, ఎర్రగా, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎక్కడా కన్నమన్నది లేని గోడ అది.

"సరే" అంది. "ఒక కిటికీ పెట్టుకోండి. నా మగ్గం పక్కనే పెట్టండి. ఏరు మాత్రం దాటించకండి."